ప్రాణం దక్కింది, సరే... మరి ఈ చేతి వాపు సంగతేమిటి?

నా చెయ్యి వాచిందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆయన. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి అప్పటికి మూడేళ్ళు దాటింది. సంక్రాంతికి కుట్టించుకున్న జాకెట్టు ఎడమ చేతికి హాయిగా ఎక్కింది. కుడి చెయ్యి మాత్రం మోచేతి పైన పట్టేసింది. కొలత తప్పావని ఆయన మీద విసుక్కున్నాను. ఆయన మారు మాట్లాడకుండా టేపు తీసి రెండు చేతులూ కొలిచాడు. కుడి చెయ్యి ఒకటిన్నర అంగుళం ఎక్కువ తేలింది. "కుట్టు విప్పి ఇస్తానమ్మా, అదెంత పని! కానీ ముందు ఈ చెయ్యి డాక్టరుగారికి చూపించండి" అన్నాడు.

నిజానికి ఆరు నెలలుగా ఆ చెయ్యి సాయంత్రానికి బరువెక్కుతూనే ఉంది. గాజులు తీయాలంటే సబ్బు రాయాల్సి వస్తోంది. బడిలో నల్లబల్ల పై వరుసలో రాస్తుంటే చంకలో లాగుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వచ్చే జవాబు నాకు ముందే తెలుసు: "ప్రాణం దక్కింది కదా, ఇంకేం కావాలి?" ఆ మాట అనేవారు ప్రేమతోనే అంటారు. అది విని విని మనం నోరు కట్టేసుకుంటాం. మొదట్లోనే అణిగిపోయే వాపు ఈలోగా ముదిరి కూర్చుంటుంది.

నేను డాక్టరును కాను, బడిపంతులమ్మను. రొమ్ము క్యాన్సర్ వైద్యం ముగించుకుని ఏడేళ్ళయింది. ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా ఆ దారిన వచ్చినవారి కోసం. నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి బయటపడినవారి తిప్పలు కొంత వేరు. అయినా గజ్జల్లో లింఫ్ గ్రంథులు తీయించుకుని కాలు వాచినవారికి, కీమో తర్వాత అరికాళ్ళు మొద్దుబారినవారికి ఇందులో సగం పనికొస్తుంది.

ముందు ఒక్క కాగితం తయారు చేయండి

మన ఇళ్ళలో ఆసుపత్రి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి బీరువా మీద పడేస్తాం. మళ్ళీ ఆ సంచి ముఖం చూడాలంటే భయం. ఒక ఆదివారం గుండె చిక్కబట్టుకుని దింపండి. అందులోంచి ఒకే ఒక్క కాగితం మీదికి ఇవి ఎక్కించండి: ఆపరేషన్ తేదీ, ఏ వైపు చేశారు, చంకలో ఎన్ని గ్రంథులు తీశారు, వాటిలో ఎన్నింటిలో జబ్బు కనిపించింది (బయాప్సీ రిపోర్టులో ఉంటుంది. నాది 16లో 3), కీమో మందుల పేర్లు, మోతాదు, ఎన్నిసార్లు ఎక్కించారు, రేడియేషన్ ఏ వైపు, ఎన్ని రోజులు, మొత్తం ఎన్ని 'గ్రే'లు (రేడియేషన్ మోతాదును గ్రేల్లో కొలుస్తారు), ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్, హెర్-2 పరీక్షల ఫలితాలు (గడ్డ ఏ రకమో చెప్పేవి ఇవే), ఇప్పుడు మింగుతున్న బిళ్ళ, మొదలుపెట్టిన తేదీ.

"కరెంటు పెట్టారండీ, ఎర్ర మందు ఎక్కించారండీ" అంటే ఏ డాక్టరుకూ ఏమీ అర్థం కాదు. ఆ ఎర్ర మందు సాధారణంగా డాక్సోరుబిసిన్ అయి ఉంటుంది. దాని మొత్తం మోతాదు ఎంతన్నది మీ గుండెకు జీవితాంతం సంబంధించిన లెక్క. పదేళ్ళ తర్వాత ఏ పరాయి ఊళ్ళోనో ఆయాసం వచ్చి ఆసుపత్రికి వెళితే, అక్కడి డాక్టరుకు ఈ ఒక్క అంకె మీ ఫైలంతటి కన్నా విలువైనది.

వివరాలు దొరకకపోతే వైద్యం చేసిన ఆసుపత్రి రికార్డుల విభాగంలో అర్జీ పెట్టి డిశ్చార్జి సమ్మరీ, రేడియేషన్ వివరాల నకలు అడగండి. తిప్పుతారు, నన్ను మూడుసార్లు తిప్పారు. అయినా వదలకండి. కాగితం సిద్ధమయ్యాక ఫోనులో ఫొటో తీసి పెట్టుకుని, ఇంట్లో ఇంకొకరి ఫోనుకు కూడా పంపండి.

చెయ్యి ఎందుకు వాస్తుంది

మాది గోదావరి డెల్టా. ఇక్కడ పొలానికి నీరు తెచ్చే కాలువ ఒకటి, వాడిన నీటిని తీసుకుపోయే మురుగు కాలువ ఒకటి. మురుగు కాలువలో గుర్రపుడెక్క అల్లుకుంటే పై నుంచి వచ్చే నీరు ఆగదు, కింద పోయే దారి ఉండదు. చేను మునుగుతుంది. మన చేతిలోనూ అంతే. రక్తనాళాలు తెచ్చిన ద్రవంలో కొంత లింఫ్ నాళాల గుండా చంకలోని గ్రంథుల మీదుగా వెనక్కి పోతుంది. ఆపరేషన్‌లో గ్రంథులు తీశారు, మిగిలిన దారులను రేడియేషన్ కొంత గట్టిపరిచింది. ఇక ఆ నీరు చేతిలోనే నిలుస్తుంది. దీన్నే లింఫెడీమా అంటారు.

చంక గ్రంథులన్నీ తొలగించినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తుంది. ఒకటి రెండు కాపలా గ్రంథులు (జబ్బు పాకితే మొదట చేరేవి, సెంటినెల్ నోడ్లు అంటారు) మాత్రమే తీసి పరీక్షించినవారిలో చాలా తక్కువ. మొదటి రెండు మూడేళ్ళలో ఎక్కువగా కనిపించినా, పదేళ్ళ తర్వాత కూడా రావచ్చు. కాబట్టి "అయిదేళ్ళు గడిచాయి, ఇక నాకు రాదు" అని టేపు పక్కన పెట్టేయకండి.

మా వైపు వాచిన చెయ్యి చూడగానే "బోద" అంటారు. ఫైలేరియా పురుగు కూడా ఇవే నాళాలను పాడుచేస్తుంది కనుక చూపుకు ఒకలాగే ఉంటుంది. కానీ మీకు వచ్చింది దోమ కుట్టి వచ్చింది కాదు, బోద బిళ్ళలు మింగితే పోయేది కాదు. ఇంకో పొరపాటు నీరు పోయే బిళ్ళలు వాడటం. గుండె, మూత్రపిండాల జబ్బుతో వచ్చే వాపుకు అవి పనిచేస్తాయి. ఈ వాపుకు మందు కాదు. మంచినీళ్ళు తాగడం తగ్గించినా ఒరిగేదేమీ లేదు.

టేపు పట్టుకోండి

దర్జీ టేపు చాలు. నెలకోసారి, ఒకే వేళకు, ఉదయం స్నానానికి ముందైతే మేలు. నాలుగు చోట్ల కొలవాలి: మణికట్టు, మణికట్టు నుంచి పది సెంటీమీటర్ల పైన, మోచేతి మడత, మోచేతి నుంచి పది సెంటీమీటర్ల పైన. రెండు చేతులూ కొలవాలి. ప్రతిసారీ అదే చోట కొలవకపోతే అంకెలకు అర్థం ఉండదు, కనుక పెన్నుతో చుక్క పెట్టుకోండి. నాకు మోచేతి కింద ఒక పుట్టుమచ్చ ఉంది. దేవుడు పెట్టిన గుర్తు కనుక అయిదో కొలత అక్కడ తీసుకుంటాను. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు.

పని చేసే చెయ్యి మామూలుగానే కొంచెం లావుగా ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందే ఒకసారి కొలిచి పెట్టుకోగలిగితే అంతకు మించింది లేదు. ఇది చదివేవారిలో రేపో మాపో ఆపరేషన్‌కు వెళ్ళేవారు ఎవరైనా ఉంటే ఇవాళే కొలవండి. రెండు చేతుల మధ్య తేడా ఎక్కడైనా రెండు సెంటీమీటర్లు దాటినా, మీ పాత కొలత కన్నా పెరుగుతూ పోతున్నా, డాక్టరుకు చెప్పి లింఫెడీమా తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళండి. అంకెలు పెరగక ముందే కొన్ని కబుర్లు వస్తాయి: ఉంగరం బిగుసుకోవడం, జాకెట్టు చేతి కుట్టు అచ్చు చర్మం మీద పడటం, చెయ్యి బరువుగా లాగడం. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు ఉంటోందంటే వాపు మొదలైనట్టే.

ఒక హెచ్చరిక. ఒకటి రెండు రోజుల్లోనే చెయ్యి హఠాత్తుగా వాచినా, నొప్పి ఎక్కువగా ఉన్నా, చంకలోనో మెడలోనో గట్టి గడ్డ తగిలినా ఫిజియోథెరపిస్టు దగ్గరికి కాదు, ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. రక్తనాళంలో గడ్డకట్టిందా, జబ్బు మళ్ళీ వచ్చిందా అన్నది తేల్చుకున్నాకే మిగతా కథ.

వాపు వచ్చాక ఏం చేయాలి

పూర్తిగా మాయం చేసే మందు లేదు. అదుపులో పెట్టే పద్ధతి ఉంది. అందులో నాలుగు పనులు కలిసి నడవాలి: మర్దన, కట్టు, వ్యాయామం, చర్మ సంరక్షణ.

మర్దన అనగానే మా అత్తయ్య నువ్వుల నూనె వేడి చేసింది. ఆ మర్దన కాదిది. గట్టిగా పిసికితే మేలు కన్నా కీడే ఎక్కువ. ఇది చర్మాన్ని మాత్రమే కదిపేంత సుతారమైన స్పర్శ. పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు ఉంటుంది. ముందు మెడ దగ్గర, రెండో చంక దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాతే వాచిన చేతికి వస్తారు. మొదటి రోజు నాకు తిక్క రేగింది. వాపు ఇక్కడుంటే ఈ ఫిజియోథెరపిస్టు అమ్మాయి అక్కడెక్కడో నిమురుతుందేమిటి అని. తర్వాత మా మురుగు కాలువే గుర్తొచ్చింది. గుర్రపుడెక్క తీసేవాళ్ళు కూడా దిగువ నుంచే మొదలుపెడతారు, కింద దారి లేకపోతే పై నీరు ఎటు పోతుంది? రెండు మూడు వారాలు వెళ్ళి నేర్చుకుంటే, రోజూ పావుగంట ఇంట్లో మనమే చేసుకోవచ్చు.

కట్టు విషయంలో మందుల షాపులో దొరికే మామూలు క్రేప్ బ్యాండేజీ చుట్టుకోకండి. అది బాగా సాగేది. దీనికి కావలసింది తక్కువ సాగే ప్రత్యేకమైన కట్టు. చుట్టే తీరు కూడా ఒకరు దగ్గరుండి నేర్పాల్సిందే. వాపు తగ్గి నిలకడకు వచ్చాక కట్టు స్థానంలో బిగువు తొడుగు వస్తుంది. స్లీవు అంటారు. చేతి కొలతలు ఇచ్చి తీసుకోవాలి, పక్కింటావిడ వాడినది సరిపోదు. ఉదయం వాపు తక్కువగా ఉన్నప్పుడే తొడుక్కుని రాత్రి తీసేయాలి. రెండు ఉంటే ఒకటి ఉతికినప్పుడు ఒకటి వాడుకోవచ్చు. ఆరు నెలలకు సాగి పట్టు పోతుంది, మార్చాలి. మణికట్టు దగ్గర ఆగే స్లీవు వేసుకున్నాక అరచెయ్యి ఉబ్బితే మిట్టెను (అరచేతి తొడుగు) కూడా కావాలేమో అడగండి.

మే నెలలో మన ఎండల్లో ఆ స్లీవు వేసుకోవడం ఒక శిక్ష. నా వరకు నేను మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు తీసేస్తాను. వంట చేసేటప్పుడు, బడికి వెళ్ళేటప్పుడు, బస్సు ప్రయాణంలో తప్పకుండా వేసుకుంటాను. ఈ రాజీ నా ఫిజియోథెరపిస్టుతో మాట్లాడి చేసుకున్నదే. మీ వాపు తీరు వేరు కావచ్చు, మీరు మీ వాళ్ళను అడిగి చేసుకోండి.

"ఆ చేత్తో బరువు ఎత్తకు" అని అందరూ చెబుతారు. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే చెప్పేవారు. 2009లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనం ఆ మాటను తిరగరాసింది. చేతి వాపు ఉన్న మహిళల చేత నిపుణుల సమక్షంలో, స్లీవు వేయించి, కొద్దికొద్దిగా పెంచుతూ బరువులు ఎత్తించారు. వారి వాపు పెరగలేదు, పైగా వాపు ఎగదన్నడం తగ్గింది. ఇందులో కీలకం 'కొద్దికొద్దిగా'. అర లీటరు నీళ్ళ సీసాతో మొదలుపెట్టండి. ఏడాదంతా చేతికి పని చెప్పకుండా కూర్చుని, పెళ్ళివారింట్లో ఒక్కసారిగా నిండు బిందె ఎత్తితేనే తంటా. బరువులతో పాటు ఒంటి బరువు కూడా చూసుకోవాలి. లావెక్కితే ఈ వాపు లొంగదు.

ఒక్క ముల్లు చాలు

నిలిచిన నీటిలో సూక్ష్మక్రిములు ఎలా పెరుగుతాయో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే వాచిన చేతికి చిన్న గీత పడినా లెక్కలోకి తీసుకోవాలి. నాలుగో ఏడు నేను పెరట్లో నిమ్మకాయలు కోస్తుంటే చూపుడువేలికి ముల్లు గుచ్చుకుంది. నోట్లో పెట్టుకుని చప్పరించి ఊరుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి ముంజేయి ఎర్రగా, తాకితే పొయ్యి మీది గిన్నెలా ఉంది. రాత్రికి చలిజ్వరం. మావారు పెన్నుతో ఎరుపు అంచు చుట్టూ గీత గీశారు. తెల్లారేసరికి ఎరుపు ఆ గీతను రెండంగుళాలు దాటిపోయింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో సూదిమందులు.

మీరు తెల్లారే దాకా ఆగకండి. ఎరుపు, వేడి, నొప్పి, జ్వరం, ఈ నాలుగింటిలో రెండు కలిసి కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. యాంటీబయాటిక్ రాసినన్ని రోజులూ వాడాలి. ఆ రోజుల్లో మర్దన ఆపాలి. స్లీవు మళ్ళీ ఎప్పుడు వేసుకోవాలో డాక్టరునే అడగండి.

ఇది రాకుండా రోజూ చూసుకోవలసినవి చిన్న చిన్న పనులే. స్నానం అయ్యాక కొబ్బరినూనో, మామూలు క్రీమో రాయండి, చర్మం పగలకూడదు. పూలు కోసేటప్పుడు, అంట్లు తోమేటప్పుడు చేతికి తొడుగు. అప్పడాలు, గారెలు వేయించేటప్పుడు నూనె చిందితే ముందు పడేది కుడి చేతి మీదే కనుక ఆ పని ఇంకొకరికి అప్పగించండి (ఏడేళ్ళుగా మా ఇంట్లో గారెలు మావారే వేస్తున్నారు, గుండ్రంగా రావు కానీ కరకరలాడతాయి). గోళ్ళ పక్క చర్మం పీక్కోవద్దు. చంకలో రేజరు బదులు చర్మం తెగని పద్ధతి చూసుకోండి. గాజులు వదులుగా, జాకెట్టు చేతులు వదులుగా. రక్తపోటు కొలవడానికి, రక్తం తీయడానికి వీలైనంత వరకు రెండో చెయ్యి ఇవ్వండి. అత్యవసరమైతే మాత్రం ఏ చెయ్యి దొరికితే అది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పట్టింపు పనికిరాదు.

కాళ్ళూ వేళ్ళూ మొద్దుబారితే

పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్, ఇతర క్యాన్సర్లలో వాడే ఆక్సాలిప్లాటిన్, సిస్‌ప్లాటిన్, విన్‌క్రిస్టిన్ వంటి మందులు నరాల చివర్లను దెబ్బతీస్తాయి. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి, అరికాళ్ళు మండుతాయి, దూది మీద నడుస్తున్నట్టు ఉంటుంది. చాలామందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది. నాకు రెండు కాళ్ళ బొటనవేళ్ళూ ఇప్పటికీ నావి కావు.

మంట, నొప్పి అయితే చెప్పుకుంటాం. స్పర్శ లేకపోవడం అంతకన్నా పెద్ద ప్రమాదం. వేసవిలో మధ్యాహ్నం గుడిలో ప్రదక్షిణలు చేసి ఇంటికొచ్చాక అరికాలికి బొబ్బ కనిపించిన రోజున నాకు తెలిసొచ్చింది. బండ కాలిందని కాలు చెప్పలేదు. అప్పటి నుంచి గుడికి ఉదయమే వెళ్తాను, సాక్సులు వేసుకుంటాను. స్నానపు నీళ్ళ వేడి చేతివేళ్ళతో చూడకండి, స్పర్శ బాగున్న మోచేతితో చూడండి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. స్నానాల గదిలో జారని పట్టా, రాత్రి చిన్న దీపం ఉండాలి.

నొప్పి, మంట భరించలేనంత ఉంటే డ్యులాక్సిటిన్ అనే మందు కొంతమందికి పనిచేస్తుంది, డాక్టరునే అడగాలి. టామాక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా రోజూ మింగే బిళ్ళ) వాడుతున్నవారైతే ఆ సంగతి తప్పక చెప్పాలి. డ్యులాక్సిటిన్ కుంగుబాటుకు కూడా వాడేదే, ఆ కోవలో కొన్ని మందులు టామాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి. "నరాల బలానికి" అంటూ షాపులో ఇచ్చే బిళ్ళల జోలికి సొంతంగా వెళ్ళకండి. అసిటైల్ కార్నిటిన్ అనే పదార్థాన్ని ఈ తిమ్మిర్లు రాకుండా ఆపుతుందేమోనని కీమోలో ఉన్నవారికి ఇచ్చి చూస్తే తిమ్మిర్లు ఇంకా ఎక్కువయ్యాయి. మధుమేహం ఉందా, బి12 తగ్గిందా అని ఒకసారి పరీక్ష చేయించుకోవడం మేలు, అన్నీ కీమో నెత్తిన రుద్దకూడదు.

ఎముకలు, గుండె, రోజూ మింగే బిళ్ళ

లెట్రొజోల్, అనస్ట్రొజోల్ లాంటి బిళ్ళలు ఈస్ట్రోజన్‌ను అడుగంటా తగ్గిస్తాయి. జబ్బును ఆపేది అదే, ఎముకను గుల్ల చేసేదీ అదే. మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, ఆపైన ఏడాదికో రెండేళ్ళకో డెక్సా స్కాను (ఎముక గట్టితనం చూసే పరీక్ష) చేయించాలి. కాల్షియం రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు కావాలి. "రాగి జావ తాగుతున్నానండీ" అంటారు. లెక్క చూడండి: 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక గ్లాసు జావలో పడే పిండి 30 గ్రాములు. అంటే నూరు చిల్లర. జావ మంచిదే, దానితోనే సరిపోదు. పెరుగు, నువ్వులు, ముళ్ళతో తినే చిన్న చేపలు, అవసరమైతే బిళ్ళ. డి విటమిన్ పరీక్ష చేయించుకోండి. ఎముకల కోసం జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కిస్తామంటే, ముందు పళ్ళ డాక్టరును కలిసి పీకాల్సినవి పీకించుకోండి. ఆ మందు తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకుండా మొండికేసే ప్రమాదం ఉంది.

ఉదయం లేవగానే కీళ్ళు పట్టేస్తే బిళ్ళ చెప్పాపెట్టకుండా మానేయకండి. చాలామంది చేసే పని ఇదే. డాక్టరుకు చెబితే అదే జాతిలో ఇంకో బిళ్ళకు మార్చి చూస్తారు. రోజూ నడిచేవారికి ఈ పట్టేయడం తగ్గుతుంది. టామాక్సిఫెన్ వాడేవారు రెండు చూసుకోవాలి: ముట్లు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనిపించడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం. రెండూ వెంటనే చూపించాల్సినవే.

గుండె గురించి క్లుప్తంగా. డాక్సోరుబిసిన్, ట్రాస్టుజుమాబ్ (హెర్-2 ఉన్నవారికి ఇచ్చే మందు) తీసుకున్నవారు, ఎడమ రొమ్ముకు రేడియేషన్ అయినవారు ఎకో పరీక్ష మళ్ళీ ఎప్పుడు చేయించాలో అడిగి తేదీ రాసుకోండి. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, పాదాల వాపు, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం ఉంటే ఆగకండి. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ అదుపులో పెట్టడం మామూలు మనిషికన్నా మీకు ఎక్కువ అవసరం. మెడ దగ్గర రేడియేషన్ అయినవారు థైరాయిడ్ పరీక్ష ఏడాదికోసారి చేయించండి.

నీరసం బద్ధకం కాదు

పది గంటలు పడుకుని లేచినా తీరని అలసట ఇది. నెలలు, కొందరికి ఏళ్ళు ఉంటుంది. ముందు రక్తహీనత, థైరాయిడ్, షుగరు, నిద్రలేమి, దిగులు, వీటిలో ఏదైనా కారణమేమో చూపించుకోండి. ఏదీ లేదంటే, నమ్మశక్యం కాకపోయినా, దీనికి దొరికిన మంచి మందు నడక. వారానికి 150 నిమిషాలు గమ్యం. మొదలు మాత్రం పది నిమిషాలే. ఇంటి నుంచి వీధి మలుపు దాకా, అక్కడ అరుగు మీద కూర్చుని, మళ్ళీ వెనక్కి. నాకు ఆ మలుపు దాటడానికి మూడు వారాలు పట్టింది.

రోజులో ఏ వేళకు ఒంట్లో సత్తువ ఉంటుందో పది రోజులు రాసి చూసుకోండి. నాకు ఉదయం ఏడు నుంచి పదకొండు. ముఖ్యమైన పనులన్నీ అందులోకి జరిపాను. మిగిలిన పని మిగిలిపోతుంది, ఇల్లు కూలిపోదు. మతిమరుపు కూడా దీనికి తోడు బంధువే. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం, తరగతిలో పిల్లవాడి పేరు నాలిక చివర ఆగిపోవడం. ఫోనులో అలారం, వంటింట్లో పలక. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఎవరూ అడగని ఇంకొక సంగతి. ముట్లు ముందే ఆగిపోయి లోపల పొడిబారడం, భర్త దగ్గరికి వస్తే నొప్పి, కోరిక చచ్చిపోవడం. మందుల షాపులో నీటి ఆధారిత జెల్ దొరుకుతుంది, వాడొచ్చు. హార్మోను కలిసిన క్రీములు మాత్రం క్యాన్సర్ డాక్టరు ఒప్పుకుంటేనే. మగ డాక్టరుకు చెప్పలేకపోతే నర్సుకు చెప్పండి, కాగితం మీద రాసి ఇవ్వండి.

చెకప్పులు, స్కానులు, రాత్రి పట్టని నిద్ర

మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, నాలుగు, అయిదో ఏళ్ళలో ఆరు నెలల నుంచి ఏడాదికోసారి, ఆ తర్వాత ఏటా డాక్టరు పరీక్ష. ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే). ఏ లక్షణమూ లేనివారికి అంతకు మించి ఏటా పెట్ స్కాను, ట్యూమర్ మార్కర్ల రక్తపరీక్షలు అక్కర్లేదన్నది వైద్య మార్గదర్శకాల మాట. "ఎందుకైనా మంచిది" అని వేలు పోసి చేయించుకుని, అందులో కనబడిన అర సెంటీమీటరు మచ్చ కోసం ఇంకో మూడు నెలలు నిద్ర పోగొట్టుకున్నవారిని చూశాను. ఎందుకు రాస్తున్నారని అడగండి.

ఏ నొప్పికి భయపడాలి? నేను పెట్టుకున్న హద్దు రెండు వారాలు. కొత్తగా మొదలై రెండు వారాలకూ తగ్గని ఎముక నొప్పి, దగ్గు, తలనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే చూపిస్తాను. కొత్త గడ్డ, కళ్ళు పచ్చబడటం అయితే రెండు వారాలూ ఆగను. రెండు వారాల లోపలి నొప్పులు క్యాలెండరులో రాసి పక్కన పెడతాను. చెకప్ ముందు వారం కడుపులో దేవినట్టు ఉండటం ఏడేళ్ళయినా పోలేదు. అది రోజూ వెంటాడుతుంటే మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

దూరం వెళ్ళాల్సినవారికి: రైల్వేలో క్యాన్సర్ రోగుల రాయితీ చికిత్సకే కాదు, చెకప్ ప్రయాణానికి కూడా వర్తిస్తుంది. వెంట వచ్చే ఒకరికీ ఉంటుంది. ఆసుపత్రి వారు నిర్ణీత ఫారంలో సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి. ఆ ఫారం ఒక చెకప్ ముందుగానే అడిగి తెచ్చుకోండి.

డాక్టరు ముందు అయిదు నిమిషాలు

మూడు గంటలు కూర్చుంటే లోపల దొరికేది అయిదు నిమిషాలు. ఆయన రిపోర్టు చూస్తూనే "ఎలా ఉన్నారమ్మా?" అంటారు. మన నోట అలవాటుగా "బాగానే ఉన్నానండీ" వచ్చేస్తుంది. అయిదు నిమిషాలూ అక్కడే అయిపోతాయి. బయటికొచ్చి ఆటో ఎక్కాక కాళ్ళ మంట గుర్తొస్తుంది.

ముందు రోజు రాత్రే మూడు ముక్కలు రాయండి, మూడుకు మించొద్దు. ఎక్కడ, ఎప్పటి నుంచి, దానివల్ల ఏ పని ఆగిపోయింది. "చెయ్యి లాగుతోంది" అని కాదు, "మోచేతి పైన 29 నుంచి 31 సెంటీమీటర్లు అయింది, నల్లబల్ల మీద పై వరుస రాయలేకపోతున్నాను" అని. రిపోర్టులు సంచిలోనే ఉంచండి. ముందు ఈ కాగితం బల్ల మీద పెట్టండి. ఆయన చదవడం పూర్తయ్యాకే రిపోర్టు ఇవ్వండి.